పెరటి చెట్టు వైద్యం

వాషింగ్టన్ పక్కనే, ఉత్తర వర్జీనియాలో తెలుగువాళ్ళ ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉండే చోట జరిగిన వాదన ఇది. ఒకరు మన వైపు డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. కూతురి దగ్గరికి వచ్చి ఆర్నెల్లు ఉంటారు. రెండోవాడు ఆయన మేనల్లుడు. ఇక్కడే ఎమ్మెస్ చదివి, ఇక్కడే ఉద్యోగంలో కుదురుకుని, చలికాలం రాగానే జార్జ్‌టౌన్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటలకి టిక్కెట్లు కొనే బాపతు. ఆ కాలేజీలో ఒకప్పుడు ఆడి పేరు తెచ్చుకున్న ప్యాట్రిక్ యూయింగ్‌ని 2017లో అదే కాలేజీ హెడ్ కోచ్‌గా తెచ్చుకోవడం, 2023లో సాగనంపడం మీద వీళ్ళిద్దరికీ ఎప్పుడూ పడదు. నేను మధ్యలో కూర్చుని విన్నవాణ్ణి. ఎటు మొగ్గానో చదివేవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది కాబట్టి తటస్థుడి వేషం వెయ్యను.

మామయ్య: ఏడడుగుల మనిషి. ఆడుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కాదనను. కానీ ఆరు సీజన్లలో 75 గెలుపులు, 109 ఓటములు. మా కాలేజీలో అయితే ప్రిన్సిపాలుగారు మూడో ఏడే గదిలోకి పిలిచి, కాఫీ ఇప్పించి, పంపేసేవారు.

మేనల్లుడు: మీరు చివరి లెక్క చదువుతున్నారు మామయ్యా. ఎవర్ని పిలిచారో ముందు చూడండి. జమైకాలో పుట్టాడు. చిన్నప్పుడు మనలాగే క్రికెట్టూ, ఫుట్‌బాలూ. 12 ఏళ్ళకి మాసచూసెట్స్‌లోని కేంబ్రిడ్జికి వచ్చాకే బాస్కెట్‌బాల్ పట్టుకున్నాడు. 1981లో జార్జ్‌టౌన్‌లో చేరి, చదివిన నాలుగేళ్ళలో ఆ జట్టుని మూడుసార్లు జాతీయ ఫైనలుకి తీసుకెళ్ళాడు. 1984లో హ్యూస్టన్ మీద 84-75తో కప్పు గెలిచారు. ఆ కాలేజీకి అంతకుముందు జాతీయ టైటిల్ లేదు, ఇప్పటిదాకా ఇంకోటి రాలేదు. ఆ ఒక్క కప్పు తెచ్చినవాణ్ణి పిలవకుండా ఎవర్ని పిలుస్తారు?

మామయ్య: సన్మానానికి పిలవాలి. శాలువా కప్పాలి. జీతమిచ్చి పిల్లల్ని అప్పజెప్పేటప్పుడు మాత్రం పిల్లల సంగతి చూడాలి గదరా.

మేనల్లుడు: పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనం సామెత చెప్పుకుంటాం. సొంతవాణ్ణి నమ్మని జబ్బు మనది. వీళ్ళకి ఆ జబ్బు లేదు.

మామయ్య: లేదు. దానికి ఎదురు జబ్బుంది. పెరట్లో ఉంది కాబట్టి మందు చెట్టే అయ్యుండాలనుకుంటారు.

మేనల్లుడు: ఆయనేమీ ఆట మానేసి తిన్నగా వచ్చి ఆ కుర్చీలో కూర్చోలేదు. 2002లో రిటైరయ్యాడు. అదే ఏడు ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీయేలోని వాషింగ్టన్ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా మొదలుపెట్టాడు. తరవాత హ్యూస్టన్, ఆర్లాండో, షార్లట్. పదిహేనేళ్ళు మామయ్యా! పదకొండుసార్లు ఆల్‌స్టార్ ఆడినవాడు, న్యూయార్క్ నిక్స్‌కి పదిహేను సీజన్లు మూలస్తంభంలా నిలబడ్డవాడు, ఇంకొకడి కింద అసిస్టెంటుగా కూర్చుని కుర్రాళ్ళకి కాళ్ళెక్కడ పెట్టాలో నేర్పాడు. ఎన్‌బీయే జట్లలో ఒక్కటంటే ఒక్కటి హెడ్ కోచ్ పదవి ఇవ్వలేదు. అప్పుడు షార్లట్ జట్టు ఓనరెవరు? మైకేల్ జోర్డాన్. 1982 ఫైనల్లో ఈయన జట్టుని ఒక్క పాయింటు తేడాతో ఓడించినవాడు. ఆ జట్టులోనూ ఈయన అసోసియేట్ హెడ్ కోచ్ దగ్గరే ఆగిపోయాడు. సెంటర్ స్థానంలో ఆడే పొడుగువాళ్ళకి బుర్ర ఉండదనే పాత పిచ్చి నమ్మకం ఒకటుంది ఈ దేశంలో. దాన్ని దాటుకుని వచ్చినవాణ్ణి మీరు శాలువా దగ్గరే ఆపేస్తున్నారు.

ఇక్కడ మామయ్య కాసేపు మాట్లాడలేదు. జోర్డాన్ ఓనరుగా ఉన్న సంగతి ఆయనకి కొత్త. పదిహేనేళ్ళ అసిస్టెంటుగిరీ మాత్రం ఆయన్ని కదిలించిందని నాకు తెలిసింది. మన దగ్గర పేరున్న ఆటగాడు అంతకాలం ఇంకొకరి కింద పనిచేయడం నేనూ పెద్దగా చూడలేదు.

మామయ్య: సరే, ఆ 1982 ఆట మాటే తీసుకుందాం. మొన్న నువ్వే పెట్టి చూపించావుగా. నీకు జోర్డాన్ షాట్ గుర్తుండిపోయింది. నాకు ఆ తరవాతది. ఆట ముగియడానికి కొన్ని సెకన్లుంది, 63-62. జార్జ్‌టౌన్ కుర్రాడు, పేరేమిటీ...

మేనల్లుడు: ఫ్రెడ్ బ్రౌన్.

మామయ్య: ఆ బ్రౌన్. కంగారులో మనవాడే అనుకుని బంతిని ఎదుటి జట్టు ఆటగాడు వర్దీ చేతికి అందించాడు. అయిపోయింది. దేశమంతా చూస్తోంది. అప్పుడు ఆ కోచ్, ఆ కొండంత మనిషి జాన్ థామ్సన్, భుజం మీద తెల్ల తువ్వాలుతో వచ్చి ఆ కుర్రాణ్ణి దగ్గరికి తీసుకుని గట్టిగా పట్టుకున్నాడు. తిట్టలేదు, తల తిప్పుకోలేదు. రెండేళ్ళ తరవాత కప్పు గెలిచిన జట్టులో ఆ బ్రౌనూ ఉన్నాడన్నావు. అదిరా కోచ్ పని. అది జంప్ షాట్ బాగా వేసినంత మాత్రాన వచ్చేది కాదు.

మేనల్లుడు: మీరే నా వాదన చెప్తున్నారు! ఆ థామ్సన్ చేతి కింద పెరిగినవాడే గదా యూయింగ్. ఎదుటి కాలేజీల గ్యాలరీల్లో జనం ఈయన మీద అరటి తొక్కలు విసిరారు, ఈయనకి చదవడం రాదని బోర్డులు పట్టుకున్నారు. ఆ రోజుల్లో థామ్సన్ ఆ పిల్లలకి గోడలా నిలబడ్డాడు. చదువు చెప్పించడానికి మేరీ ఫెన్లన్ అని ఒకావిడని జట్టుతో పాటే తిప్పేవాడు. యూయింగ్ వాళ్ళమ్మ 1983లో పోయింది. డిగ్రీ పూర్తి చేస్తానని ఆవిడకి మాటిచ్చాడు. ఎన్‌బీయే కోట్లు పక్కన పెట్టి నాలుగేళ్ళూ ఉండి 1985లో ఫైన్ ఆర్ట్స్ పట్టా పుచ్చుకునే బయటికి వచ్చాడు. ఆ గురుకులం విలువ తెలిసినవాడు ఇంకెవడున్నాడు?

మామయ్య: గురువు గొప్పవాడైతే శిష్యుడికి కృతజ్ఞత ఉంటుంది. గురుత్వం రావాలని లేదు. అసలు ఆ థామ్సన్ ఎక్కణ్ణించి వచ్చాడో చెప్పు.

మేనల్లుడు: వాషింగ్టన్ కుర్రాడే. ప్రావిడెన్స్ కాలేజీలో ఆడాడు.

మామయ్య: బాగా ఆడాడా?

మేనల్లుడు: స్టారే. తరవాత బోస్టన్‌లో బిల్ రస్సెల్‌కి బదులు దిగే ఆటగాడిగా రెండేళ్ళు బెంచీ మీద.

మామయ్య: చూశావా! స్టారే. కానీ తన కాలేజీ అయిన ప్రావిడెన్స్‌కి వెళ్ళి కూర్చోలేదు. ఇక్కడ ఒక హైస్కూల్లో పిల్లలకి ఆట నేర్పాడు. 1972లో జార్జ్‌టౌన్ అతన్ని తీసుకునేనాటికి ఆ జట్టు ముందు సీజన్లో గెలిచింది 3, ఓడింది 23. ఎవరికీ అతని ఫోటో తెలియదు, అతనికి ఎవరి ఫోటో మొయ్యాల్సిన పనీ లేదు. నీ గురుకులం పుట్టిందే బయటివాడి చేతిలో.

నిజం చెప్పొద్దూ, ఈ మాటకి మేనల్లుడి దగ్గర జవాబుంటుందని నేననుకోలేదు. జార్జ్‌టౌన్ అభిమానులు థామ్సన్‌ని ఆ నేలలోనే మొలిచినట్టు చెప్పుకుంటారు. క్యాంపస్‌లో జట్టు ప్రాక్టీసు చేసే భవనానికి ఆయన పేరే. యూయింగ్‌కి ముందు పదమూడేళ్ళు కోచ్‌గా ఉన్నది ఆయన కొడుకు జాన్ థామ్సన్ త్రీ. కొడుకుని తీసేసి శిష్యుణ్ణి పిలిచారన్నమాట. రాజ్యం ఇంట్లోంచి బయటికి పోలేదు.

మేనల్లుడు: ఒక్క సంగతి అడుగుతాను. మామూలు ఆటగాడు కోచ్ అయి ఓడిపోతే ‘మామూలు ఆటగాళ్ళు కోచ్‌లుగా పనికిరారు’ అని ఎవరైనా రాస్తారా? ఏటా డజన్ల కొద్దీ కోచ్‌ల్ని తీసేస్తుంటారు. అందులో ఎక్కువమంది ఆడిన రోజుల్లో ఎవరికీ తెలియనివాళ్ళు. వాళ్ళ ఓటమికి కారణం వాళ్ళ ఖాతాలో పడుతుంది. స్టార్ ఓడితే మాత్రం స్టార్‌గిరీ ఖాతాలో వేస్తారు.

మామయ్య: ఇది బాగుంది. కానీ ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఆ స్టార్‌గిరీ ఖాతాలోంచే తీసి ఇచ్చారుగా. అప్పు ఏ ఖాతాలో రాస్తే వసూలూ అందులోనే.

మేనల్లుడు: 2021 మార్చి మర్చిపోయారా? జార్జ్‌టౌన్ ఆడే బిగ్ ఈస్ట్ లీగు టోర్నమెంటు, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. జట్టుకి ఎనిమిదో సీడు. ఎవరూ లెక్కలో వెయ్యలేదు. విలనోవాని కొట్టారు, సీటన్ హాల్‌ని కొట్టారు, ఫైనల్లో క్రైటన్‌ని 73-48తో ఉతికి ఆరేశారు. అంతకుముందు ఆగస్టులోనే థామ్సన్ పోయాడు. ఆయన పోయిన తరవాతి తొలి సీజన్ అది. నిక్స్ ఆడే ఆ గార్డెన్ పైకప్పుకి యూయింగ్ 33 నంబరు జెర్సీ వేలాడుతూ ఉంటుంది. సెక్యూరిటీవాళ్ళు మాత్రం అడుగడుక్కీ ఆపి పాసు చూపించమన్నారట. ఇది నా బిల్డింగేగా, నేనెవరో తెలీదా అని విలేకర్ల ముందు విసుక్కున్నాడు.

మామయ్య: (నవ్వి) అదీ సంగతి. పాసు అడిగిన ఆ సెక్యూరిటీ మనిషి ఒక్కడే అతన్ని మామూలు ఉద్యోగస్తుడిలా చూశాడు.

మేనల్లుడు: మీరు భలే తిప్పుతారు మామయ్యా.

మామయ్య: తిప్పడం కాదు. ఆ కప్పు తరవాత ఏమైంది? జాతీయ టోర్నమెంటు మొదటి ఆటలో కొలరాడో చేతిలో 96-73. ఆ మరుసటి ఏడు బిగ్ ఈస్ట్‌లో ఎన్ని గెలిచారు?

మేనల్లుడు: సున్నా.

మామయ్య: ఎన్నిటికి?

మేనల్లుడు: 19కి. మొత్తం సీజను 6-25.

మామయ్య: అంత ఘోరం ఆటలో ఎత్తుగడలు తెలియక రాదు. పిల్లలు లేక వస్తుంది. 2019లో బిగ్ ఈస్ట్‌కే బెస్ట్ ఫ్రెష్‌మన్ అనిపించుకున్న జేమ్స్ అకింజో ఆ ఏడు డిసెంబరులో, సీజన్ నడుస్తుండగానే వెళ్ళిపోయాడు. వర్జీనియా కొండల్లోంచి వచ్చి గాలిలో ఎగిరి రింగుకి బంతి కొట్టే ఆ మాక్ మెక్‌క్లంగ్ 2020లో టెక్సస్ టెక్‌కి పోయాడు. ఆరడుగుల పదకొండంగుళాల వహాబ్ మేరీల్యాండ్‌కి పోయి, ఒక ఏడు అక్కడ ఆడి, మళ్ళీ ఇక్కడికే వచ్చాడు. జట్టు బస్‌స్టాండు అయిపోయింది. నీ పాత ఆటలు చూసి కుర్రాళ్ళ తండ్రులు వస్తారు. కుర్రాళ్ళు ఉండాలంటే వేరే పని చెయ్యాలి.

మేనల్లుడు: అది ఆయన తప్పా? రూలే మారిపోయింది. ఒకప్పుడు కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2018 అక్టోబరులో, మారాలనుకున్నవాళ్ళు పేరు ఇవ్వడానికి, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచారు. 2021 ఏప్రిల్లో ఒకసారి మారినా వెంటనే ఆడొచ్చన్నారు. అదే జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరూ ఫోటో అమ్ముకుని డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. 2025లో, కాలేజీలే నేరుగా ఆ ఏడాదికి 20.5 మిలియన్ డాలర్ల దాకా ఆటగాళ్ళకి పంచొచ్చన్నారు. ఈయన నేర్చుకుని వచ్చిన పాఠమేమిటి? నాలుగేళ్ళు ఒకే చోట ఉండడం, అమ్మకిచ్చిన మాట, పట్టా. ఆయన ఉద్యోగంలో చేరాక సిలబస్ మార్చేసి పరీక్ష పెట్టారు.

మామయ్య: పరీక్ష అందరికీ అదే పెట్టారుగా.

మేనల్లుడు: అందరి దగ్గరా అంతే డబ్బు లేదు.

మామయ్య: నువ్వు చెప్పేది కాదనను. కానీ ఒకటి చూడు. కాలేజీ కోచ్ అంటే ఇక్కడ సాయంత్రం రెండు గంటలు గ్రౌండులో విజిలూదేవాడు కాదని నువ్వే చెప్పావు. వేసవంతా జిమ్ములు తిరగాలి. పదహారేళ్ళ కుర్రాడు ఆడుతుంటే గ్యాలరీలో కూర్చుని కనబడాలి. వాళ్ళమ్మతో మాట్లాడాలి, మేనమామతో మాట్లాడాలి, వాడి క్లబ్బు కోచ్‌ని మంచి చేసుకోవాలి. చేర్చుకున్నాక ఎవడికి పోస్టులో, అంటే రింగు దగ్గర, బంతి అందడం లేదో, ఎవడు బెంచీ మీద మొహం మాడ్చుకున్నాడో కనిపెట్టి, వాడు పోర్టల్లో పేరు ఇవ్వకముందే గదికి వెళ్ళి కూర్చోవాలి. ఇది బతిమాలే ఉద్యోగం. జీవితంలో ఎన్నడూ బతిమాలే అవసరం రానివాడికి అది కొత్తగా నేర్చుకోవడం ఎంత కష్టమో ఆలోచించు. హైస్కూల్లో ఉన్నప్పుడే యూయింగ్ కోసం దేశంలో కాలేజీలన్నీ క్యూ కట్టాయి. క్యూలో నిలబడ్డం అతనికి ఎవరు నేర్పారు?

నా మటుకు నాకు ఈ వాదనంతటికీ ఇదే గుండెకాయ. స్టార్లకి ఆట నేర్పడం రాదనేది పాత మాట, సగం అబద్ధం కూడా. యూయింగ్ ఆర్లాండోలో డ్వైట్ హోవర్డ్ లాంటివాడికి పోస్టు ఆట నేర్పినవాడు. నేర్పడం వచ్చు. రానిది, ఎప్పుడూ తననే కావాలన్న లోకంలో పెరిగి, ఇవాళ వచ్చి రేపు వెళ్ళే కుర్రాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డం.

మేనల్లుడు: అయితే డాన్ స్టేలీకి ఎలా వచ్చింది? ఆవిడకంటే స్టార్ ఉందా? ఫిలడెల్ఫియా గవర్నమెంటు ఇళ్ళలో పెరిగి, వర్జీనియా యూనివర్సిటీలో 1988 నుంచి 92 దాకా ఆడింది. మూడుసార్లు ఫైనల్ ఫోర్, అంటే జాతీయ సెమీస్. 1991 ఫైనల్లో టెనెసీ చేతిలో ఓవర్‌టైములో 70-67తో ఓడిపోయినా బెస్ట్ ప్లేయర్ బహుమతి ఆవిడకే ఇచ్చారు. ఒలింపిక్ బంగారాలు మూడు. 2000లో, ఇంకా ఆడుతుండగానే, టెంపుల్ యూనివర్సిటీ హెడ్ కోచ్. అసిస్టెంటుగా ఒక్క రోజు చెయ్యలేదు! ఎనిమిదేళ్ళలో ఆరుసార్లు ఆ జట్టుని జాతీయ టోర్నమెంటుకి పంపింది. తరవాత సౌత్ కరొలైనాకి 2017, 2022, 2024లో మూడు జాతీయ టైటిళ్ళు. 2024లో 38 ఆటలు ఆడితే 38 గెలుపులు. బతిమాలడం రాని స్టార్ అంటారా ఈవిణ్ణి?

మామయ్య: ఆవిడ ఏ స్థానంలో ఆడేది?

మేనల్లుడు: పాయింట్ గార్డ్.

మామయ్య: అంటే తక్కిన నలుగుర్నీ చూసుకుంటూ బంతి పంచేది. అయిదున్నర అడుగుల మనిషి అయ్యుంటుంది. ఎవడెక్కడున్నాడో చూడకపోతే బతకలేని చోట ఆడింది.

మేనల్లుడు: ఇది మళ్ళీ ఆ పాత నమ్మకమే. పొడుగువాళ్ళకి బుర్ర లేదని!

మామయ్య: బుర్ర మాట కాదురా, అలవాటు మాట. సరే, అది వదిలేద్దాం. ఇంకోటి చెప్పు. వర్జీనియాలో స్టార్ గదా, వర్జీనియాకి కోచ్‌గా వెళ్ళిందా?

మేనల్లుడు: లేదు.

మామయ్య: టెంపుల్‌కి వెళ్ళింది. తరవాత సౌత్ కరొలైనాకి. అక్కడ మొదటి ఏడు ఎలా ఆడారు?

మేనల్లుడు: 10-18. రెండో ఏడు 14-15.

మామయ్య: అప్పుడు ఆవిణ్ణి ఆ ఊళ్ళో ఎవరైనా పాత ఫోటో చూసి ఉంచారా? లేదు. ఇంకెవర్నైనా చూసినట్టే చూశారు. ఆవిడా ఎవరి గోడ మీద ఉన్న బొమ్మకి సమాధానం చెప్పుకోలేదు. చెట్టు మంచిదే, మందూ మంచిదే. పెరడు మాత్రం వేరు.

మేనల్లుడు: మీ సిద్ధాంతం దగ్గరే మీరు దొరికిపోతారు చూడండి. ఫ్రెడ్ హోయ్‌బర్గ్. అయోవాలో ఏమ్స్ అనే చిన్న ఊరు. అక్కడే పెరిగాడు, ఆ ఊరి అయోవా స్టేట్ యూనివర్సిటీలోనే 1995 దాకా ఆడాడు. ఎంత పేరంటే ఊరి మేయర్ ఎన్నికల్లో పోటీలో లేని ఇతని పేరు రాసి కొందరు ఓటేశారు. అప్పట్నించీ ముద్దుపేరు ‘ది మేయర్’. ఎన్‌బీయే ఆడాడు, కొన్నాళ్ళు ఆఫీసు ఉద్యోగం చేశాడు. 2010లో ఎక్కడా ఎప్పుడూ హెడ్ కోచ్‌గా చెయ్యనివాణ్ణి తెచ్చి సొంత కాలేజీ కుర్చీలో కూర్చోబెట్టారు. అయిదేళ్ళలో 115-56. వరసగా నాలుగేళ్ళు జాతీయ టోర్నమెంటు. పెరటి చెట్టే! అచ్చం పెరటి చెట్టే!

మామయ్య: (కాసేపాగి) ఆటగాళ్ళని ఎక్కణ్ణించి తెచ్చాడు?

మేనల్లుడు: చాలామందిని వేరే కాలేజీలు మారి వచ్చేవాళ్ళలోంచి. పోర్టల్ రాకముందే.

మామయ్య: అదీ! ఇంకా చాలామంది చెయ్యనప్పుడే అతను బయటి పిల్లల్ని పోగు చేశాడు. తన రోజుల్లో ఎలా జరిగేదో అలాగే జరగాలని కూర్చోలేదు. ఇతని విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటాను. సొంత కాలేజీ కావడం ఒక్కటే రోగం కాదు.

మేనల్లుడు: హ్యూబర్ట్ డేవిస్ కూడా పెరటి చెట్టే. నార్త్ కరొలైనాలో తొలి ఏడే, 2022లో, ఫైనలుకి తెచ్చాడు. డ్యూక్ కోచ్ క్షిషెవ్‌స్కీ ఆఖరి ఆటలో డ్యూక్‌ని ఓడించి మరీ.

మామయ్య: మరుసటి ఏడు?

మేనల్లుడు: దేశంలో నంబర్ వన్‌గా మొదలుపెట్టి టోర్నమెంటుకే వెళ్ళలేదు.

మామయ్య: మరి హ్యూస్టన్‌లో క్లైడ్ డ్రెక్స్‌లర్?

మేనల్లుడు: రెండేళ్ళు, 19-39.

మామయ్య: సెయింట్ జాన్స్‌లో ఆ క్రిస్ మల్లిన్?

మేనల్లుడు: నాలుగేళ్ళు, 59-73. మీకివన్నీ ఎలా తెలుసు?

మామయ్య: మీ అత్తయ్య మధ్యాహ్నం పడుకుంటుంది. నీ ఇంటర్నెట్టుకి పనేం?

మల్లిన్ పేరు రాగానే నేను ఒకటి చెప్పకుండా ఉండలేకపోయాను. 1985లో ఫైనల్ ఫోర్‌కి వచ్చిన నాలుగు జట్లలో మూడు బిగ్ ఈస్ట్‌వే: జార్జ్‌టౌన్, సెయింట్ జాన్స్, విలనోవా. యూయింగూ మల్లినూ ఆ ఏడు దేశానికే హీరోలు. ఆ ఫిబ్రవరిలో గార్డెన్‌లో రెండు జట్లూ తలపడ్డప్పుడు, సెయింట్ జాన్స్ కోచ్ కార్నసెకాకి అదృష్టమని పేరుపడ్డ చారల స్వెట్టరుంటే, థామ్సన్ తన కోటు విప్పి లోపల అచ్చం అలాంటి చొక్కానే చూపించి హాలంతా నవ్వించాడు. ఆట మాత్రం జార్జ్‌టౌనే గెలిచింది. ముప్పై ఏళ్ళు గడిచాక రెండు కాలేజీలూ ఆ ఏటి మనుషుల్నే కోచ్‌లుగా తెచ్చుకున్నాయి. కోచ్‌ని వెతికారా, 1985ని వెతికారా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మేనల్లుడు: మీరిద్దరూ ఒకటైపోయారు. పెన్నీ హార్డవే మాటేమిటి? మెంఫిస్ కుర్రాడు, మెంఫిస్‌లోనే ఆడాడు, 2018లో మెంఫిస్‌కే హెడ్ కోచ్. ఊరూరా పిల్లల్ని పోగు చెయ్యడంలో ఆయన తరవాతే ఎవరైనా. దేశంలో నంబర్ వన్ కుర్రాడు జేమ్స్ వైజ్‌మన్‌ని తెచ్చాడు. బతిమాలడం వచ్చినట్టేగా.

మామయ్య: ఆ కుర్రాడు ఎన్ని ఆటలు ఆడాడు?

మేనల్లుడు: మూడు.

మామయ్య: ఎందుకని?

మేనల్లుడు: కోచ్ కాకముందు, 2017లో, ఆ కుటుంబం మెంఫిస్‌కి మారడానికి పెన్నీ 11,500 డాలర్లు సాయం చేశాడు. అంతకుముందు 2008లో యూనివర్సిటీకి మిలియన్ డాలర్లు విరాళమిచ్చాడు, పాత ఆటగాళ్ళ కీర్తిమందిరం కట్టడానికి. విరాళమిచ్చినవాడు కాలేజీ మనిషి కిందే లెక్క అన్నారు, కాబట్టి కుర్రాడికి ఇచ్చిన డబ్బు రూలుకి విరుద్ధమన్నారు. పన్నెండు ఆటలు ఆడొద్దన్నారు. వాడు విసిగి వెళ్ళిపోయాడు.

మామయ్య: సొంత కాలేజీ మీద ప్రేమే మెడకి చుట్టుకుందన్నమాట! ఇంతకంటే నేనేం చెప్పను?

మేనల్లుడు: మన గోపీచంద్? 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన స్టారేగా. గచ్చిబౌలిలో అకాడమీ పెట్టి సైనాకి 2012లో కంచు, సింధుకి 2016లో వెండి తెప్పించలేదా?

మామయ్య: తెప్పించాడు. తెల్లవారకముందే కోర్టుకొచ్చి నిలబడి తెప్పించాడు. నేను స్టార్లకి వ్యతిరేకిని కాదురా. గోపీచంద్ తన చోటు తనే కట్టుకున్నాడు. నెగ్గకపోతే అకాడమీ మూతపడేది. యూయింగ్‌కి చోటు కట్టి ఉంచారు. నెగ్గకపోయినా ఎవరూ మూయలేకపోయారు. 0-19 తరవాత కూడా ఇంకో ఏడు ఉంచారు గదా. ఎందుకుంచారు?

మేనల్లుడు: ...గౌరవం.

మామయ్య: మరి దాన్నే నేనంటున్నది. వాళ్ళు ఆయన్ని నిలదీయలేకపోయారు. ఇంకో ఏడాదిలో 7-25. ముందు ఏళ్ళవీ కలిపి బిగ్ ఈస్ట్‌లో వరసగా 29 ఓటములు. వాషింగ్టన్ నడిబొడ్డున ఇరవై వేల సీట్ల హాల్లో ఖాళీ కుర్చీల ముందు ఆ ముసలాయన నిలబడ్డాడు, అరవై ఏళ్ళ వయసులో. ఆ కాలేజీకి ఏకైక కప్పు తెచ్చినవాణ్ణి, అదే జెర్సీ వేసుకున్న పిల్లల జట్టు ముందు, జనం వద్దు పొమ్మని అరిచే దాకా తెచ్చారు. గౌరవమంటే ఇదేనా?

మేనల్లుడు: అది నాకూ బాధే మామయ్యా. నేనా హాల్లో ఉన్నాను.

ఇద్దరూ మాట్లాడలేదు కాసేపు. తరవాత మేనల్లుడే అందుకున్నాడు.

మేనల్లుడు: అయినా ఒకటి వినండి. ఆయన పోయాక ఎవర్ని తెచ్చారు? ఎడ్ కూలీ. జార్జ్‌టౌన్‌లో ఎప్పుడూ ఆడనివాడు. ప్రావిడెన్స్‌లో పన్నెండేళ్ళు హెడ్ కోచ్‌గా చేసి చేసి ఆరితేరినవాడు. మీ లెక్క ప్రకారం అచ్చమైన బయటి మందు. మొదటి ఏడు ఎంతో తెలుసా? 9-23. బిగ్ ఈస్ట్‌లో 2-18. యూయింగ్ ఆఖరి ఏడు కూడా బిగ్ ఈస్ట్‌లో 2-18!

మామయ్య: రెండో ఏడు?

మేనల్లుడు: 18-16.

మామయ్య: అది కూడా గొప్పేం కాదు. కానీ వచ్చే ఏళ్ళల్లో దిగజారితే ఇతన్ని పిలిచి అడుగుతారు చూడు. అడిగేవాళ్ళకి చేతులు వణకవు.

నా తీర్పు అడిగితే ఇదీ. 2017 ఏప్రిల్లో యూయింగ్‌ని తీసుకోవడం తప్పు కాదు. పదిహేనేళ్ళు అసిస్టెంటుగా కాచుకుని ఉన్నవాడికి ఒక అవకాశం న్యాయం. 2022 మార్చిలో ఆయన్ని ఇంకో ఏడు ఉంచడం తప్పు, ఆ తప్పు కాలేజీది. మన కాలేజీల్లోనూ, అకాడమీల్లోనూ పాత ఆటగాణ్ణి కోచ్‌గా పిలవబోయే పెద్దలెవరైనా ఇది చదువుతుంటే, పిలవండి. ఆర్డరు చేతికిచ్చే ముందే, ఆయన్ని ఏ రోజున, ఏ లెక్క చూసి, ఎవరు కూర్చోబెట్టి అడుగుతారో కాగితం మీద రాసి పెట్టుకోండి.